అరుపులు ఆటను గెలిపిస్తాయా?

2023 నవంబరు 19 ఆదివారంనాడు మీరెక్కడ ఉన్నారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టీవీ ముందు! అహ్మదాబాదులో ప్రపంచ కప్ క్రికెట్ ఫైనలు జరిగింది ఆ రోజే. మనవాళ్ళు అప్పటికి వరసగా పది మ్యాచ్‌లు గెలిచి ఉన్నారు. స్టేడియంలో 92 వేల మందికి పైగా జనం. ఎటు చూసినా నీలం చొక్కాలే. దేశమంతా ఇళ్ళల్లో పూజలు, మొక్కులు. కోహ్లీ ఫోరు కొట్టినప్పుడు కూర్చున్న కుర్చీలోంచి లేవకూడదని ఒట్టు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. చివరికి ఏమైంది? మనం 240 పరుగులు చేస్తే, ట్రావిస్ హెడ్ ఒక్కడే 137 కొట్టాడు. ఇంకా ఏడు ఓవర్లు మిగిలి ఉండగానే ఆస్ట్రేలియా ఆరు వికెట్ల తేడాతో గెలిచింది. పెద్ద జనసమూహం నోరు మూయించడంలో ఉన్న తృప్తి గురించి వాళ్ళ కెప్టెను కమిన్స్ ముందురోజే విలేకరులతో చెప్పాడు. అన్నంత పనీ చేశాడు.

"అయితే మాస్టారూ, జనం అరిచినంత మాత్రాన ఒరిగేదేమీ లేదన్నమాట" అంటారా? ఆగండి. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన టెస్టు సంగతి మీ నాన్నగారిని అడగండి. అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా మనచేత ఫాలో ఆన్ ఆడించింది. నాలుగో రోజు మన హైదరాబాదు లక్ష్మణ్, రాహుల్ ద్రావిడ్ కలిసి ఒక్క వికెట్టూ పడనివ్వకుండా రోజంతా ఆడారు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. అయిదో రోజు సాయంత్రం హర్భజన్ చేతికి బంతి వచ్చేసరికి మైదానం హోరెత్తిపోయింది. మనం 171 పరుగుల తేడాతో గెలిచాం. ఆ రోజు గెలిపించింది జనమేనని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు.

ఒక మ్యాచ్ అవునంటోంది, ఇంకొకటి కాదంటోంది. నాణెం ఒకసారి ఎగరేసి బొమ్మ పడితే, అది ఎప్పుడూ బొమ్మే పడే నాణెమని అనగలమా? అలాగే ఒకటి రెండు మ్యాచ్‌లు చూసి ప్రేక్షకుల బలం తేల్చలేం. వేల మ్యాచ్‌లు లెక్క చూడాలి. ఆ పని చాలామంది చేశారు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, క్రికెట్, ఏ ఆట తీసుకున్నా సొంత మైదానంలో ఆడే జట్టు అతిథి జట్టుకంటే ఎక్కువసార్లు గెలుస్తుంది. ఈ సంగతిలో సందేహం లేదు. సందేహమంతా దాని కారణం గురించే.

ఎందుకంటే సొంత మైదానంలో జనం ఒక్కరే లేరు. పిచ్ స్వభావం తెలుసు. ఏ మూల గాలి వీస్తుందో, సాయంత్రం మంచు ఎప్పుడు పడుతుందో తెలుసు. అతిథి జట్టు రైలెక్కో విమానమెక్కో అలసిపోయి వస్తుంది, కొత్త తిండి తింటుంది, కొత్త పడకమీద పడుకుంటుంది. ఇన్ని తేడాల మధ్య జనం వాటా ఎంతో ఎలా విడదీస్తారు? మీరు ప్రయోగశాలలో లోలకం ప్రయోగం చేసినప్పుడు గుండు మార్చకుండా దారం పొడవు ఒక్కటే మారుస్తారు కదా. ఒక్కటి మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచితేనే ఏది దేనికి కారణమో తెలుస్తుంది. ఇక్కడ కూడా మైదానం అదే, జట్లు అవే, ప్రయాణమూ అదే ఉండి, జనం మాత్రమే మాయం కావాలి. కోట్ల రూపాయల టిక్కెట్లు వదులుకుని అలాంటి ప్రయోగం ఎవరు చేయిస్తారు?

కరోనా చేయించింది.

దయ్యాల మ్యాచ్‌లు

2020లో మహమ్మారి వల్ల ఆటలన్నీ ఆగిపోయాయి. పెద్ద దేశాల ఫుట్‌బాల్ లీగుల్లో మొదట తిరిగి మొదలైంది జర్మనీలోని బుండెస్‌లీగా. మే 16న ఆటలు మొదలయ్యాయి గాని, గ్యాలరీల్లో పురుగు లేదు. బంతిని తన్నిన చప్పుడు, ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే కేకలు టీవీలో స్పష్టంగా వినిపించేవి. జర్మన్లు వాటికి 'దయ్యాల మ్యాచ్‌లు' అని పేరుపెట్టారు. అంతకు ముందు ఆ సీజనులో ఆతిథ్య జట్లు నూటికి సుమారు 43 మ్యాచ్‌లు గెలుస్తుండేవి. జనం లేని మ్యాచ్‌లలో అది నూటికి 33 దగ్గరికి పడిపోయింది. తరవాత మిగతా దేశాల్లో కూడా లెక్కలు కట్టారు. కొన్నిచోట్ల తేడా బాగా కనిపించింది, కొన్నిచోట్ల కొద్దిగానే కనిపించింది. మొత్తంమీద చూస్తే సొంత మైదానం లాభం తగ్గింది గాని, పూర్తిగా పోలేదు. కాబట్టి పిచ్, ప్రయాణం వగైరాల వాటా కొంత, జనం వాటా కొంత.

ఇంతవరకూ మనం ఊహించినదే. ఆ లెక్కల్లోనే ఇంకొక విచిత్రం బయటపడింది. జనం ఉన్న రోజుల్లో అతిథి జట్టు ఆటగాళ్ళకు పసుపు కార్డులు ఎక్కువగా పడేవి. జనం లేకపోయేసరికి ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. పసుపు కార్డు చూపించేది ఎవరు? ఆటగాడు కాదు, రిఫరీ! అంటే జనం కేకలు ఆటగాడి కాళ్ళకంటే ముందు రిఫరీ చెవులమీద పనిచేస్తున్నాయా?

ఈ అనుమానం కరోనాకు ముందే ఇంగ్లండులో కొందరికి వచ్చింది. అలన్ నెవిల్ అనే ఆయన, మరి ఇద్దరు కలిసి 2002లో ఒక చక్కని ప్రయోగం ప్రచురించారు. అర్హత ఉన్న 40 మంది రిఫరీలను పిలిచి, లివర్‌పూల్, లెస్టర్ జట్లు ఆడిన మ్యాచ్ వీడియో చూపించారు. అందులో ఆటగాళ్ళు ఒకరినొకరు ఢీకొన్న 47 సందర్భాలున్నాయి. ప్రతిదానికీ అది ఫౌలో కాదో రిఫరీలు చెప్పాలి. కొందరికి జనం కేకలతో సహా చూపించారు, మిగతావాళ్ళకు శబ్దం లేకుండా చూపించారు. బొమ్మ ఒక్కటే, తేడా అంతా చప్పుడులోనే. కేకలు విన్న రిఫరీలు ఆతిథ్య జట్టు అయిన లివర్‌పూల్ మీద 15.5 శాతం తక్కువ ఫౌళ్ళు ఇచ్చారు. వాళ్ళు లంచం తిన్నవాళ్ళు కారు, లివర్‌పూల్ అభిమానులు అసలే కారు. అర క్షణంలో తేల్చవలసిన సందేహం వచ్చినప్పుడు, కన్ను తేల్చలేనిదాన్ని చెవి తేల్చేసింది. అంతే. మన ఊళ్ళ మధ్య జరిగే కబడ్డీ పోటీల్లో రిఫరీ చుట్టూ మూగి "అవుటు! అవుటు!" అని అరిచేవాళ్ళకు ఈ సూత్రం ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

స్పెయినులో అదనపు సమయం లెక్క చూస్తే ఇదే కథ. ఆతిథ్య జట్టు ఒక్క గోలు తేడాతో వెనకబడి ఉంటే రిఫరీలు చివర్లో ఎక్కువ నిమిషాలు కలిపేవాళ్ళు. అదే జట్టు ఒక్క గోలు ముందుంటే ఆట త్వరగా ముగించేసేవాళ్ళు. టెస్టు క్రికెట్లో 1994 నుంచి ఒక అంపైరునూ, 2002 నుంచి ఇద్దరినీ వేరే దేశాలనుంచి తెప్పించడం మొదలుపెట్టింది నిష్పాక్షికత కోసమే. కాని విదేశీ అంపైరుకు కూడా చెవులుంటాయిగా. టీవీ రీప్లేకు మాత్రం ఆ బాధ లేదు.

మరి ఆటగాడి సంగతి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. నలుగురు చూస్తూ ఉంటే మనిషి పని మెరుగవుతుందా?

దీని మీద మొదటి ప్రయోగాల్లో ఒకటి చేసినవాడు అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో చదువుకున్న నార్మన్ ట్రిప్లెట్. ఆయనకు సైకిలు పందాలంటే ఇష్టం. 1897 నాటి పందాల రికార్డులు ముందేసుకు చూస్తే, ఒంటరిగా గడియారంతో పోటీపడిన వాడికంటే పక్కన ఇంకొకడు తొక్కుతూ ఉన్నవాడు వేగంగా పోతున్నట్టు కనిపించింది. మీరైతే వెంటనే ఏమంటారు? "ముందు పోయేవాడు గాలిని అడ్డుకుంటాడు కదండీ, వెనకవాడికి శ్రమ తగ్గుతుంది" అంటారు. సరైన ఆక్షేపణే, అప్పటివాళ్ళు కూడా అదే అన్నారు. అందుకని ట్రిప్లెట్ గాలితో సంబంధం లేని పని ఎంచుకున్నాడు. చేపల గాలానికి దారం చుట్టే చక్రం ఉంటుంది చూడండి, ఆ చక్రాన్ని 40 మంది పిల్లలచేత తిప్పించాడు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి పక్కన ఇంకొకరితో పోటీగా. 1898లో ఫలితాలు ప్రచురించాడు. ఇరవై మంది పిల్లలు పోటీలో వేగంగా తిప్పారు. పదిమందికి పెద్దగా తేడా లేదు. మిగిలిన పదిమంది కంగారుపడి, కండరాలు బిగబట్టి, ఒంటరిగా ఉన్నప్పటికంటే నెమ్మదిగా తిప్పారు.

చాలా పుస్తకాలు ఆ ఇరవై మంది సంగతే రాసి ఊరుకుంటాయి. నాకు మాత్రం చివరి పదిమందే ముఖ్యంగా కనిపిస్తారు. ఆ పదిమందిలాంటివాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉంటారు. రోజూ ప్రాక్టీసులో అందరికంటే ముందుండే కుర్రాడు, స్కూలు వార్షికోత్సవంనాడు ఊరంతా చూస్తుంటే తడబడతాడు. వాడికి ధైర్యం లేదని మనం తేలిగ్గా అనేస్తాం. (2005లో ఒక పరిశోధకుడు ట్రిప్లెట్ అంకెలనే తీసుకుని నేటి గణాంక పద్ధతులతో మళ్ళీ లెక్కకట్టాడు. తేడా ఉంది గాని, ట్రిప్లెట్ అనుకున్నంత గట్టిది కాదని తేలింది. శాస్త్రంలో పాత లెక్కను ఎవరైనా ఎప్పుడైనా తిరగదోడవచ్చు.)

కొందరికి మేలు, కొందరికి చెడుపు ఎందుకు? 1965లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక సమాధానం చెప్పాడు. పక్కన మరొకరుంటే ప్రాణికి హుషారు పుడుతుంది. ఆ హుషారులో బాగా అలవాటైన పని బయటికి తన్నుకొస్తుంది. పని తేలికదై, బాగా నేర్చినదై ఉంటే ఆ అలవాటే ఒప్పు, కాబట్టి మెరుగ్గా చేస్తాం. పని కొత్తదైతే అలవాటుగా వచ్చేది తప్పే, కాబట్టి తప్పులు పెరుగుతాయి.

ఇది చూపించడానికి ఆయన 1969లో తన సహచరులతో కలిసి ఎవరిని పరుగెత్తించాడో తెలుసా? బొద్దింకలను! బొద్దింకకు వెలుతురంటే పడదు. దీపం వెలగగానే చీకటి గూటివైపు పరుగెడుతుంది. ఒక బాట తిన్నగా ఉంది. ఇంకొక బాటలో మలుపు తిరగాలి. బాటకు ఇరువైపులా పారదర్శకమైన డబ్బాల్లో వేరే బొద్దింకలను కూర్చోబెట్టారు. ప్రేక్షకులన్నమాట! ప్రేక్షకులున్నప్పుడు తిన్నని బాటలో బొద్దింక ఇంకా వేగంగా పోయింది. మలుపు బాటలో మాత్రం ఆలస్యం చేసింది. తమాషా ప్రయోగం కదా? కాని 2020లో జర్మనీలో కొందరు దీన్ని మళ్ళీ చేస్తే, తిన్నని బాటలో వేగం పెరగడం కనిపించలేదు. కాబట్టి బొద్దింకల సాక్ష్యాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

మనుషుల సాక్ష్యం వేరే ఉంది. అమెరికాలో ఒక కాలేజీలో బిలియర్డ్స్ వంటి 'పూల్' ఆట ఆడేవాళ్ళను వాళ్ళకు తెలియకుండా గమనించారు. బాగా ఆడేవాళ్ళ దెబ్బల్లో నూటికి 71 సరిగ్గా పడేవి. నలుగురు దగ్గరికి వచ్చి నిలబడి చూడటం మొదలుపెట్టాక అవి 80కి పెరిగాయి. అంతంతమాత్రంగా ఆడేవాళ్ళకు 36 నుంచి 25కు పడిపోయాయి. 1982లో వచ్చిన ఈ లెక్క కొద్దిమంది ఆటగాళ్ళమీద చేసినది, అది గుర్తుంచుకోండి. మరుసటి ఏడు ఇద్దరు పరిశోధకులు ఇలాంటి 241 ప్రయోగాలను ఒకచోట పోగుచేసి చూశారు. మనుషుల పనితీరులో కనిపించే తేడాల్లో, పక్కన మరొకరు ఉండటం వల్ల వచ్చేది నూటికి మూడు పాళ్ళకు మించదని తేల్చారు. అంటే ప్రభావం ఉంది, కాని మనం గొప్పగా చెప్పుకునేంత లేదు. నూరు పాళ్ళలో అధిక భాగం సాధనది, శరీరానిది, ఆ రోజు ఆరోగ్యానిది.

ఆ హుషారు శరీరంలో ఎలా పుడుతుందో మీ జీవశాస్త్రం పాఠంలోనే ఉంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. కాలేయం గ్లూకోజు విడుదల చేస్తుంది. కండరాలకు రక్తం ఎక్కువగా పోతుంది. అరచేతులు చెమర్చి, వేళ్ళు సన్నగా వణుకుతాయి. నూరు మీటర్ల పరుగుకు ఇవన్నీ పనికొస్తాయి, వణుకు తప్ప. పరుగులో వేళ్ళు వణికినా నష్టం లేదు. కాని మీ స్కూలు ఆటల్లోనే నిమ్మకాయ-చెంచా పందెం ఉంటుంది, సూదిలో దారం ఎక్కించే పందెం ఉంటుంది. వాటికి ఆ వణుకే శత్రువు. ఒకే మైదానం, ఒకే జనం, ఒకే కేకలు. పరుగు పందెంలో కాళ్ళకు ఊపిచ్చిన కేకే పక్క గీతమీద నిమ్మకాయను కింద పడేస్తుంది. ఈసారి మీ స్కూల్లో గమనించండి.

పెద్ద ఆటల్లో కూడా ఇదే జరుగుతున్నట్టు తోస్తుంది. బయాథ్లాన్ అని మంచు దేశాల ఆట ఒకటుంది. మంచుమీద స్కీయింగ్ చేస్తూ వచ్చి, మధ్యలో ఆగి, రొప్పుతూనే తుపాకితో గురి చూసి కొట్టాలి. 2019లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, అగ్రశ్రేణి క్రీడాకారులు సొంత దేశంలో పోటీపడినప్పుడు, బయటి దేశాల్లో కంటే ఎక్కువ గురులు తప్పారు. తమవాళ్ళు చూస్తున్నారన్న భావమే బరువైంది కాబోలు. టెన్నిస్‌లో సర్వీసు చేసేముందు అంపైరు జనాన్ని నిశ్శబ్దంగా ఉండమనేది ఊరికే కాదు. దూకేవాళ్ళ పద్ధతి వేరు. అమెరికా ట్రిపుల్ జంప్ వీరుడు విల్లీ బ్యాంక్స్ 1980లలో దూకే ముందు చేతులు పైకెత్తి జనాన్ని చప్పట్లు కొట్టమని అడిగేవాడు. ఇప్పుడు చాలామంది జంపర్లు అలాగే చేస్తున్నారు. ఆ పరుగులో ఎన్ని అడుగులు వెయ్యాలో వేలసార్లు సాధన చేసి ఉంటారు. చప్పట్లు దానికి తాళం వేస్తాయి.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల ఫైనలు రోజున స్టేడియంలో లక్షా పన్నెండు వేల మంది ఉన్నారు. ఆస్ట్రేలియా అమ్మాయి క్యాథీ ఫ్రీమన్ ఆ హోరు మధ్య 49.11 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచింది. అంతకు ఆరు రోజుల ముందు అదే సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆమె గెలిచింది ఊరు కాని ఊళ్ళో. ఆ రోజు ఆమెకు తోడుగా ఉన్నవి ఆమె ఏళ్ళ తరబడి చేసిన సాధన, ఆ సాధనతో వచ్చిన కండబలం.

చప్పుడు గురించి ఒక్క మాట. జనం రెట్టింపయితే చప్పుడు రెట్టింపు అవుతుందనుకోకండి. ధ్వని తీవ్రతను డెసిబెల్లలో కొలుస్తారు కదా. ఒకే దూరంలో ఉన్న పదిమంది అరిస్తే ఒక్కడు అరిచినదానికంటే పది డెసిబెల్లు ఎక్కువ. వందమంది అయితే ఇరవై. యాభైమంది వందయితే పెరిగేది మూడే. అందుకే గుమ్మానికి దగ్గరగా నిలబడి అరిచే పాతికమంది, దూరాన గ్యాలరీలో ఉన్న వందమందితో సమానం కాగలరు. దూరం రెండింతలైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది మరి.

మౌనంగా కోరుకుంటే?

ఇంతవరకూ చెప్పినదంతా చెవుల గుండా, కళ్ళ గుండా వెళ్ళిన సాయం. చప్పుడు గాలిలో తరంగంగా పోయి కర్ణభేరిని తాకుతుంది, నాడి మెదడుకు కబురు చేరవేస్తుంది, గ్రంథి హార్మోను వదులుతుంది. ప్రతి మెట్టూ కొలవవచ్చు. మరి అహ్మదాబాదుకు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, తలుపు మూసుకుని, కళ్ళు మూసుకుని "గెలవాలి, గెలవాలి" అని కోరుకున్నవాళ్ళ కోరిక మైదానానికి ఎలా చేరుతుంది? కోట్లమంది ఒకేసారి కోరుకుంటే అదొక శక్తిగా మారుతుందని చెప్పేవాళ్ళున్నారు. ఇది నవ్వి వదిలేయవలసిన ప్రశ్న కాదు, లెక్క చూడవలసిన ప్రశ్న.

మొదటి లెక్క చాలా తేలిక. కోరుకునే మనుషుల సంఖ్యే గెలిపించేదైతే, 140 కోట్ల మంది ఉన్న దేశం ఎప్పుడూ ఓడకూడదు. 2021లో ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మనల్ని ఓడించిన న్యూజిలాండు జనాభా అరకోటికి అటూ ఇటూ. ఇంకొంచెం వెనక్కి పోతే, 1950 జులై 16న బ్రెజిల్‌లోని రియో నగరంలో, మరకానా స్టేడియంలో, ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు తేల్చే మ్యాచ్ జరిగింది. టిక్కెట్టు కొని వచ్చినవాళ్ళే 1,73,850 మంది. బ్రెజిల్‌కు డ్రా అయినా చాలు. మొదటి గోలు కూడా వాళ్ళే కొట్టారు. అయిదు కోట్లు దాటిన బ్రెజిల్ ఒకవైపు, పాతిక లక్షలకు తక్కువ జనాభా ఉన్న ఉరుగ్వే ఒకవైపు. ఉరుగ్వే 2-1 తేడాతో గెలిచింది. అంత జనం ఒక్కసారిగా మూగబోయిన ఆ క్షణం గురించి బ్రెజిల్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండో లెక్క ఆటలమీద చేసినది కాదు, ఆసుపత్రుల్లో చేసినది. అమెరికాలో హెర్బర్ట్ బెన్సన్ అనే డాక్టరు బృందం గుండె ఆపరేషను చేయించుకుంటున్న 1,802 మందిని మూడు గుంపులు చేసింది. ఒక గుంపు కోసం దూరాన ఉన్నవాళ్ళు ప్రార్థన చేశారు, రెండో గుంపు కోసం చెయ్యలేదు. తమ కోసం చేస్తున్నారో లేదో ఈ ఇద్దరికీ తెలియదు. మూడో గుంపు కోసం ప్రార్థన చేస్తూ, ఆ సంగతి వాళ్ళకు చెప్పారు కూడా. 2006లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషను తరవాత చిక్కులు వచ్చినవాళ్ళు మొదటి గుంపులో నూటికి 52, రెండో గుంపులో 51. అంటే తేడా లేదు. తమ కోసం ప్రార్థిస్తున్నారని తెలిసిన మూడో గుంపులో 59! ఇది కేవలం యాదృచ్ఛికం కావచ్చు. "నా కోసం ఇంతమంది ప్రార్థించవలసి వచ్చిందంటే నా పరిస్థితి అంత బాగాలేదేమో" అన్న బెంగ కూడా కావచ్చు. ఎవరి భక్తినీ నేను తూకం వెయ్యడం లేదు. ప్రార్థించేవాడికి అది ఇచ్చే ధైర్యం వేరే విషయం. దూరాన ఉన్న ఇంకొకరి శరీరం మీద అది పనిచేసిందా అన్నది మాత్రమే ఇక్కడ కొలిచింది.

అలాంటప్పుడు "నేను కోరుకున్నాను, అందుకే సిక్సరు పడింది" అని మనకంత గట్టిగా ఎందుకనిపిస్తుంది? 2006లోనే ఎమిలీ ప్రోనిన్ బృందం దీన్ని పరీక్షించింది. బాస్కెట్‌బాల్ గురిచూసి వేసేవాణ్ణి చూస్తూ, బంతి బుట్టలో పడుతున్నట్టు మనసులో ఊహించుకొమ్మని కొందరికి చెప్పారు. బంతి నిజంగానే పడినప్పుడు, అందులో తమ పాత్ర ఉందన్న భావన వాళ్ళకు మిగతావాళ్ళ కంటే ఎక్కువగా కలిగింది. ఒక ఆలోచన ముందు వచ్చి, దానికి సరిపోయే సంఘటన వెంటనే వెనక వస్తే, మెదడు రెండింటినీ ముడివేస్తుంది. మన చెయ్యి మనమే ఎత్తామని తెలుసుకోవడంలో కూడా ఈ ముడే ఉంది, అందుకే అంత సహజంగా తోస్తుంది. పైగా మనం కోరుకున్నా వికెట్టు పడిన సందర్భాలు, టీవీ ముందునుంచి లేచి అన్నానికి వెళితే సెంచరీ పూర్తయిన సందర్భాలు డైరీలో రాసుకోం. నాలుగు గడుల పట్టికలో ఒక్క గడి చూసి తీర్పు చెప్పేస్తాం.

మీరే చేసి చూడండి

నా మాట నమ్మవలసిన పని లేదు. ఒక టెన్నిస్ బంతి, ఒక ఖాళీ బకెట్టు, ఒక రూపాయి బిళ్ళ ఉంటే చాలు. బకెట్టు నుంచి మూడు మీటర్ల దూరంలో గీత గియ్యండి. బంతి విసిరేవాడు గీత దగ్గర ఉంటాడు. కోరుకునేవాళ్ళు పదిమంది కిటికీ తలుపులు మూసిన పక్క గదిలో ఉంటారు. ఇరవై బంతులు ఒక వరస. ప్రతి వరసకు ముందు లోపలివాళ్ళు నాణెం ఎగరెయ్యాలి. బొమ్మ పడితే ఇరవై బంతులు అయ్యేదాకా చప్పుడు చెయ్యకుండా "పడాలి" అని గట్టిగా కోరుకోవాలి. బొరుసు పడితే ఎక్కాలు మననం చేసుకోవాలి. విసిరేవాడికిగాని, ఎన్ని పడ్డాయో రాసేవాడికిగాని నాణెం సంగతి తెలియకూడదు. ఇది చాలా ముఖ్యం. తెలిస్తే అంచుకు తగిలిన బంతిని పడినట్టే రాసేస్తాడు, కేకలు విన్న ఆ రిఫరీలలాగే.

ఒకే వరసతో తేల్చేయకండి. మామూలు నాణేన్ని ఇరవైసార్లు ఎగరేసినా బొమ్మ సరిగ్గా పదిసార్లే పడదు. ఏడు నుంచి పదమూడు దాకా ఎంత పడినా ఆశ్చర్యం లేదు. తరగతిలో అందరూ చేసి, అన్ని వరసలూ కలిపి, బొమ్మ వరసల సగటు, బొరుసు వరసల సగటు పక్కపక్కన రాయండి.

ఆ తరవాత తలుపులు తెరిచి, పదిమందినీ బయటికి రప్పించి అరవమనండి. ఈసారి విసిరేవాడు కుడిచేత్తో ఇరవై, ఎడమచేత్తో ఇరవై విసరాలి. ముందు ఒంటరిగా, తరవాత కేకల మధ్య. ఏ చెయ్యి ముందో నాణెంతో తేల్చండి. జాయన్స్ చెప్పింది నిజమైతే కేకలు అలవాటైన చేతికి కాస్త సాయపడాలి, అలవాటు లేని చేతిని ఇంకా చెడగొట్టాలి. ఎడమచేతి వంతు వచ్చినప్పుడు మీ స్నేహితులు హుషారిచ్చే కేకలే పెట్టాలి గాని నవ్వకూడదు. నవ్వారంటే ఆ వరస కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టండి. వెక్కిరింత ఆటగాణ్ణి ఏం చేస్తుందన్నది వేరే ప్రయోగం.